కడుపులో ఉన్నప్పటి ఆకలి, ఇప్పటి బీపీ: అమ్మను అడిగి, ఇంట్లో కొలుచుకుని, డాక్టరుకు చెప్పే పద్ధతి

నేను 26 ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేశాను. సగం సర్వీసు విశాఖపట్నం ఆరిలోవ కొండవాలు వీధుల్లోనే గడిచింది. వేలమందికి బీపీ చూసిన నాకు నా బీపీ మీద ఎప్పుడూ అనుమానం రాలేదు. ఎప్పుడు చూసుకున్నా 124/78, 126/80 ఉండేది.

రెండేళ్ల కిందట ఇల్లు కట్టే మేస్త్రీతో డబ్బుల దగ్గర పెద్ద మాట పడింది. ఇంట్లోకి వచ్చి కూర్చుంటే చెవుల్లో గుండె చప్పుడు వినిపిస్తోంది. మిషన్ పెట్టుకుంటే 174/98. ముప్పావు గంట తర్వాత చూసినా 152. అదే రోజు మా ఆయనకూ అదే గొడవ, అదే టెన్షన్. ఆయనకు 146 ఉన్నది పావుగంటలో 128కి దిగిపోయింది. మర్నాడు పొద్దున్న నాది మామూలే, 124.

ఆ లెక్కలు రాసుకుని నాకు తెలిసిన పెద్ద డాక్టరుగారికి చూపించాను. ఆయన టెస్టులు రాసే ముందు, "మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మగారు సరిగ్గా తిన్నారా?" అని అడిగారు. ఇన్నేళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఇన్ని వందల మంది గర్భిణుల కార్డులు రాసిన నేను మా అమ్మను అడగలేదు.

అప్పటి నుంచి నేను చేసుకున్నది, నలుగురి చేత చేయించినది ఇక్కడ రాస్తున్నాను. చిన్నగా పుట్టామని విన్నవాళ్లు, కరువులోనో ఇంటి కష్టంలోనో అమ్మ మోసిందని తెలిసినవాళ్లు, విశ్రాంతిగా ఉన్నప్పుడు బీపీ బాగుండి టెన్షన్‌లో మాత్రం ఎగిరిపోయేవాళ్లు చదవండి.

ముందు అమ్మను అడగండి

అమ్మ లేకపోతే పిన్నినో, మేనత్తనో, పెద్దక్కనో అడగండి. పురుడు పోసిన మంత్రసాని ఇంకా ఉంటే ఆవిడకు గుర్తున్నంత ఎవరికీ ఉండదు. "నేను పుట్టినప్పుడు బరువెంత?" అని మొదలుపెట్టకండి. 1980లకు ముందు ఇంట్లో పుట్టినవాళ్లను తూచిందెవరు? "పిడికెడంత ఉండేదానివి", "దూదిలో చుట్టి పెట్టాం", "పాలు లాగే ఓపిక ఉండేది కాదు" లాంటి మాటలు రాసుకోండి. అవే మనకు దొరికే తూకం.

తేదీ అడిగినా లాభం లేదు. బడిలో చేర్పించినప్పుడు మాస్టారు రాసిన తేదీ మా తరంలో చాలామందికి జూలై 1. పండగలు అడగండి. సంక్రాంతికి నెల తప్పిందా, సింహాచలం చందనోత్సవానికి కదలిక తెలిసిందా, దసరాకు ఎన్నో నెల? ఇప్పటి పిల్లల సంగతైతే విశాఖలో ఇంకో గుర్తు ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. "హుద్‌హుద్‌కి నీకెన్నో నెల?" అంటే ఏ తల్లయినా తడుముకోకుండా చెబుతుంది.

తర్వాత తిండి సంగతి. "సరిగ్గా తిన్నావా?" అంటే ప్రతి తల్లీ "తిన్నాను" అనే అంటుంది. పూటల లెక్కన అడగాలి. పొద్దున్న ఏం తాగేదానివి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరు తిన్నాక కూర్చునేదానివి, రాత్రి పొయ్యి వెలిగేదా, ఆ రోజుల్లో నాన్నకు పని ఉందా. మా అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "మీ నాన్న హార్బర్లో మూట మోస్తా పడిపోయి కాలు ఇరగ్గొట్టుకున్నాడు. సంకురాత్రి ఎల్లిన వారమే. సీరామనవమి దాకా మంచం మీదే. ఉన్న గింజలు ఆయనికీ మీ అన్నకీ పెట్టీసి, నాను గంజి తాగి పడుకునేదాన్ని. చోడి (రాగి) అంబలి దొరికిన్నాడు పండగే."

నేను పుట్టింది దసరా వెళ్లిన వారానికి, 1972 అక్టోబరులో. అక్కడి నుంచి తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టాను. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా అంటే ఇంచుమించు నా మొదటి మూడు నెలలు. నాన్న మళ్లీ పనికి వెళ్లాక అమ్మ తిండి కుదుటపడింది. నెత్తళ్లు (చిన్న చేపలు), పప్పు, అన్నం రెండు పూటలా తిందట. నేను బొద్దుగానే పుట్టానట.

ఒక జాగ్రత్త. అడిగిన కారణం చెప్పగానే మా అమ్మ, "అయితే నీ బీపీ నా వల్లేటే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అడిగే ముందే ఈ జవాబు సిద్ధం చేసుకోండి. అమ్మ తన వాటా గింజలు ఇంకొకరికి పెట్టింది. అది ఆమె తప్పు కాదు, ఆ ఇంట్లో గింజలు లేకపోవడం. ఈ మాట అమ్మతో పైకి అనండి. మనసులో అనుకుంటే ఆమెకు చేరదు.

ఏ నెలలో ఆకలి అన్నది ఎందుకు అడగాలి

బొద్దుగా పుట్టినదానికి ఆకలి దెబ్బ ఏమిటని నాకూ అనిపించింది. దానికి సమాధానం నెదర్లాండ్స్‌లో దొరికింది.

రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో, జర్మన్ సైన్యం ఆ దేశపు పశ్చిమ ప్రాంతానికి ఆహారం అందకుండా అడ్డుకుంది. కాలువలు గడ్డకట్టి పడవలు కూడా ఆగిపోయాయి. నవంబరు చివరికి పెద్దవాళ్ల రేషను రోజుకు 1000 క్యాలరీలలోపుకు పడిపోయింది. తర్వాతి నెలల్లో 400 నుంచి 800 మధ్య నడిచింది. 1945 మేలో విముక్తి రాగానే తిండి మళ్లీ దొరికింది. ఆకలి ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో స్పష్టంగా తెలుసు కాబట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఆసుపత్రి కాన్పుల పుస్తకాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి, ఏ బిడ్డ ఎన్నో నెలలో ఆకలి చూసిందో లెక్క కట్టగలిగారు.

మొదటి నెలల్లో ఆకలి చూసి, తర్వాత తల్లికి తిండి దొరికిన పిల్లలు మామూలు బరువుతోనే పుట్టారు. అయినా పెద్దయ్యాక గుండెజబ్బు, చెడు కొలెస్ట్రాల్ వాళ్లలో ఎక్కువ కనిపించాయి. మధ్య నెలల్లో ఆకలి చూసినవాళ్లలో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోవడం ఎక్కువ. ఏ నెలలో చూసినా పెద్దయ్యాక షుగరును శరీరం సరిగ్గా వాడుకోలేకపోవడం కనిపించింది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, డాక్టరు దగ్గర అవసరమవుతుంది.

మన సంగతికి దగ్గరగా వచ్చేది ఇంకొకటి. టెస్సా రోజ్‌బూమ్, రెబెకా పెయింటర్ అనే పరిశోధకుల బృందం ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లలో 700 మందికి పైగా మనుషులను 58 ఏళ్ల వయసులో పిలిచి టెన్షన్ పెట్టి చూసింది. ఒక రంగు పేరును వేరే రంగు సిరాతో రాసి, సిరా రంగేదో చెప్పమన్నారు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మీద పెన్సిల్ నడపమన్నారు. మూడోది, జేబు కొట్టారని మీ మీద అబద్ధపు నింద పడిందనుకోండి, కెమెరా ముందు మీ తరఫున మాట్లాడండి అన్నారు. కూర్చుని ఉన్నప్పటి బీపీలో ఆకలి చూసినవాళ్లకూ చూడనివాళ్లకూ పెద్ద తేడా లేదు. టెన్షన్ పెట్టినప్పుడు మాత్రం మొదటి నెలల్లో ఆకలి చూసినవాళ్ల పై బీపీ మిగతావాళ్లకన్నా ఎక్కువ లేచింది. 2006లో ఇది అచ్చయింది. ఆ తేడా సగటున కొన్ని పాయింట్లే. అమ్మ పస్తులుంటే బిడ్డకు బీపీ ఖాయమని దీని అర్థం కాదు. నా 174కి నా వయసు, పదేళ్లుగా పెరిగిన బరువు, ఆవకాయ కూడా కారణాలే. అయినా ఆస్పత్రిలో కూర్చోబెట్టి చూసే బీపీ ఒక్కటే చాలదని ఆ పరీక్ష నాకు నేర్పింది.

లోపల ఏం జరుగుతుందని అడిగేవాళ్లకు నాకు అర్థమైనంత చెబుతాను. గుండె, నరాలు, మూత్రపిండాలకు పునాది మొదటి మూడు నెలల్లోనే పడుతుంది. మాయలో (ప్లాసెంటాలో) ఒక ఎంజైమ్ కాపలా కాస్తూ, తల్లి రక్తంలోని టెన్షన్ హార్మోన్ కార్టిసాల్‌ను చాలావరకు బిడ్డకు చేరకుండా ఆపుతుంది. గర్భంతో ఉన్న ఎలుకలకు తిండిలో మాంసకృత్తులు తగ్గిస్తే ఆ కాపలా బలహీనపడింది. బిడ్డ శరీరం "బయట కష్టకాలం ఉంది" అని నేర్చుకుని, ప్రతి అలికిడికీ గట్టిగా స్పందించేలా తయారవుతుందని శాస్త్రవేత్తల ఆలోచన. మూత్రపిండాల్లో వడపోత గొట్టాలు పుట్టేలోపే తయారవుతాయి, పుట్టాక కొత్తవి రావు. అక్కడ లోటు పడితే బీపీ భారం మిగిలిన వాటి మీదే పడుతుంది.

విశ్రాంతి బీపీ: ఏడు రోజుల లెక్క

జబ్బకు పట్టీ చుట్టే మిషనే కొనండి. మణికట్టుది వద్దు. కొనేటప్పుడు టేపుతో జబ్బ చుట్టుకొలత చూసుకుని పట్టీ సైజు అడగండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిదీ ఉన్నట్టు చూపిస్తుంది. నా సర్వీసులో ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే.

కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, చుట్ట, బీడీ వద్దు. మూత్రానికి వెళ్లి రండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా, చెయ్యి బల్లమీద గుండె ఎత్తున ఉంచి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. టీవీ ఆపండి. పట్టీ బిగుస్తుండగా మాట్లాడకండి, మాట్లాడితేనే పెరుగుతుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. పొద్దున్న టిఫినుకు, మాత్రలకు ముందు, మళ్లీ రాత్రి, అలా ఏడు రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగిలినవాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే డాక్టరును కలవాలి.

టెన్షన్ బీపీ: ఎంత ఎక్కిందో కాదు, ఎంతసేపటికి దిగిందో

కావాలని టెన్షన్ తెచ్చుకుని పరీక్షించుకోకండి. నెదర్లాండ్స్‌లో చేసింది డాక్టర్ల ఎదుట. మనకు జీవితమే కావలసినన్ని ఇస్తుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు తప్పిపోవడం, ఇంజినీరింగ్ ఫీజు కట్టే ఆఖరి రోజు, సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్, ఇంటికి ఫోన్ చేసి అరిచే అప్పులవాడు.

ఇంటికి రాగానే కూర్చుని ఒకటి కొలవండి. తర్వాత 10 నిమిషాలకు, 30 నిమిషాలకు, అవసరమైతే గంటకు. ఇంటి మిషన్ పనిచేయాలంటే కదలకుండా కూర్చోవాలి కదా, అందుకని గొడవ జరిగేటప్పటి అసలు పైస్థాయి మనకు దొరకదు. దిగడం దొరుకుతుంది. నాకైతే ఎక్కువ చెప్పింది అదే. మా ఆయనకు పావుగంట, నాకు గంట దాటింది.

మెట్లెక్కి వచ్చారా, ఎండలో నడిచి వచ్చారా అన్నది కూడా రాయండి, అప్పుడు లెక్క వేరు. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "బుధవారం. పెద్దమ్మాయి పెళ్లి సంబంధం వాళ్లు కట్నం మాట మార్చారు. 6:10కి 168/96. 6:20కి 160/92. 6:40కి 151/90. 7:15కి 138/84. మెట్లు ఎక్కలేదు. రాత్రి నిద్ర లేదు." నెలకు ఇలాంటివి ఐదారు ఉంటే చాలు.

టెన్షన్‌లో వచ్చిన అంకెను 135/85తో పోల్చి భయపడకండి. కోపం వస్తే, భయపడితే అందరికీ పెరుగుతుంది. ఆ హద్దు విశ్రాంతి బీపీకి. మిషన్ చూసుకోవడమే టెన్షన్ అయిపోయి గంటకోసారి కట్టుకునేవాళ్లను చూశాను. అలా మొదలైతే వారం రోజులు మిషన్ బీరువాలో పెట్టేయండి.

180/120 దాటితే ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని మళ్లీ కొలవండి. అలాగే ఉంటే అదే రోజు డాక్టరును కలవండి. గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం ఉంటే రెండోసారి కొలవడం కూడా వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

డాక్టరుకు ఎలా చెప్పాలి

ఓపీలో మనకు దొరికేది మూడు నిమిషాలు. పుస్తకం అంతా తిప్పి చూపిస్తే ఎవరూ చూడలేరు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లండి. నాది ఇది: "ఇంటి సగటు 127/80. టెన్షన్ తర్వాత 160-174, దిగడానికి గంట. అమ్మకు నా గర్భం మొదటి మూడు నెలలు తిండి లేదు. నాన్నకు 60 ఏళ్లకు పక్షవాతం."

తర్వాత ఇవి అడగండి. పనులు చేసుకుంటుండగా కొలిచే 24 గంటల బీపీ మిషన్ నాకు అవసరమా? డాక్టరు గదిలో మామూలుగా ఉండి బయట ఎక్కువగా ఉండే బీపీ దాంట్లోనే బయటపడుతుంది. షుగరు, కొలెస్ట్రాల్, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ ఎప్పుడు చేయించుకోవాలి? నెదర్లాండ్స్ వాళ్లలో ఏమేం కనిపించాయో పైన రాశాను, ఈ టెస్టులు వాటి కోసమే. కేజీహెచ్‌లో (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) గానీ దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో గానీ ముందు కనుక్కోండి, అన్నిటికీ ప్రైవేటు ల్యాబ్ అక్కర్లేదు. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే, ఇది చదివి ఒక్క మాత్ర కూడా మానకండి, పెంచకండి.

ఒక చోట నేను ఈ కాగితం ఇస్తే "ఇవన్నీ మీకెందుకమ్మా" అని పక్కన పడేశారు. నాకు బాధ కలిగింది. అయినా రెండో చోటుకు అదే కాగితం తీసుకెళ్లాను. అక్కడ 24 గంటల మిషన్ కట్టారు. పగలు సగటు ఎక్కువ వచ్చింది, చిన్న మోతాదు మాత్ర మొదలుపెట్టారు.

పుట్టకముందు జరిగినదాన్ని మార్చలేం. దాని మీద మనం మోపే బరువు మాత్రం తగ్గించుకోగలం. చిన్నగా పుట్టి తర్వాత లావెక్కినవాళ్లకు ముప్పు ఎక్కువని చాలా దేశాల్లో చూశారు, అందుకని ముందు నడుము చుట్టుకొలత. ఉప్పు మనిషికి రోజుకు ఒక టీ చెంచాలోపు, అందులోనే ఆవకాయ, ఎండుచేప, అప్పడం లెక్క. మా ఇంట్లో కష్టమైంది ఎండు నెత్తళ్లే. ఇప్పుడు నానబెట్టి రెండు నీళ్లు పారబోసి, కూరలో విడిగా ఉప్పు వేయకుండా వండుతున్నాను. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో అరగంట, వారానికి ఐదు రోజులు నడుస్తాను. గొడవ అయిన రోజు నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున పది నిమిషాలు, లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు. అది చేసిన రోజుల్లో నా బీపీ గంటకు బదులు అరగంటలో దిగుతోంది. నా పుస్తకంలోని లెక్క ఇది, అందరికీ ఇంతే ఉంటుందని అనను.

ఇంట్లో ఇప్పుడు గర్భిణి ఉంటే

నాకు అన్నిటికన్నా చెప్పాలని ఉన్నది ఇదే. మన దగ్గర మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకూడదంటారు. దిష్టి తగులుతుందని భయం. ఆ ఆచారం వల్ల, అవయవాలన్నీ తయారయ్యే నెలల్లో ఆ పిల్లకు కార్డు ఉండదు, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉండదు, అంగన్‌వాడీ గుడ్డు ఉండదు. ఊరందరికీ చెప్పొద్దు, ఏఎన్‌ఎంకు చెప్పండి. నెల తప్పిన వారంలోనే చెప్పండి. మేం ఎవరికీ చెప్పం.

వేవిళ్లతో తినలేకపోతున్న పిల్లలు ఇది చదివి భయపడకండి. ఆ చలికాలపు ఆకలి వేరు, వేవిళ్లు వేరు. పూటకు పళ్లెం నిండా పెట్టొద్దు. రెండు గంటలకోసారి కొంచెం: పొద్దున్న లేవకముందే నాలుగు మరమరాలు, తర్వాత చల్లారిన చోడి అంబలిలో మజ్జిగ, ఒక గుడ్డు, మధ్యాహ్నం పప్పన్నం. నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే, బరువు పడిపోతుంటే మాత్రం ఆస్పత్రికి తీసుకెళ్లండి. "అందరికీ ఉండేదే" అని కూర్చోబెట్టకండి. బీపీ 140/90 వచ్చినా, తలనొప్పి పగిలిపోతున్నా, కళ్లు మసకబారినా అదే రోజు ఘోషాసుపత్రికో (విశాఖలో ఆడవాళ్ల ప్రభుత్వాసుపత్రి) కేజీహెచ్‌కో.

"ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుంది" అనే అత్తగార్లకు నేను హైదరాబాద్ దగ్గరి పల్లెల సంగతి చెబుతాను. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో రోజూ ఉప్మా పెట్టించారు. పక్క ఊళ్లలో అప్పటికి ఆ ఏర్పాటు లేదు. 2003-05లో ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక పరీక్షిస్తే, బీపీలో తేడా కనబడలేదు. ఉప్మా ఊళ్ల పిల్లలు మాత్రం కొంచెం పొడుగు, వాళ్ల రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనబడింది.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో వారం. నెల తప్పిందని తెలిసిన మూడో రోజునే కార్డు రాయించాం. మా అమ్మకు ఇప్పుడు 76 ఏళ్లు. పొద్దున్నే లేచి మనవరాలికి అంబలి ఆవిడే కాస్తోంది, ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు. పిల్ల గ్లాసు ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చుంటుంది. ఏ పూట ఏం తిన్నదో నేను బీపీ పుస్తకంలోనే వెనక పేజీల్లో, పండగ పేరుతో సహా తేదీ వేసి రాస్తున్నాను.